టెక్ సందేహాలు: ఆర్కిడ్ మొగ్గలు రాలుతుంటే మీటర్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ తెప్పించుకుని హాల్లో టీవీ పక్కన పెట్టాను. కాడ నిండా మొగ్గలున్నాయి కానీ, విచ్చుకోకముందే పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. కుండీలో గుచ్చే మాయిశ్చర్ మీటర్ కొన్నాను. నీళ్లు పోసిన గంటకే ‘డ్రై’ అంటోంది. అందుకే రోజూ పోస్తున్నాను. మీటర్ పాడైందా? మంచి యాప్ ఏదైనా ఉందా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీటర్‌కు ఏమీ కాలేదు, అది ఈ కుండీకి పనికిరాదు అంతే. ఆ పుల్లకు చుట్టూ మట్టి అంటుకుని ఉంటేనే తేమ తెలుస్తుంది. ఆర్కిడ్ కుండీలో మట్టెక్కడిది? బెరడు ముక్కలు, బొగ్గులు, వాటి మధ్య గాలి. అందుకే ఎన్ని నీళ్లు పోసినా అది ‘డ్రై’ అనే అంటుంది. దాని మాట విని రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి. వేళ్లు దెబ్బతిన్న మొక్క ముందుగా మొగ్గల్నే వదిలేసుకుంటుంది.

యాప్ సంగతి తర్వాత, ముందు నీళ్లు ఆపండి. ఈ మొక్కలు చాలావరకు లోపల కనిపించే ప్లాస్టిక్ కుండీలోనే వస్తాయి. పైన పింగాణీ తొట్టి ఉంటే బయటికి తీసి చూడండి. వేళ్లు వెండిరంగులో ఉంటే నీళ్లు పోయాలి, ఆకుపచ్చగా ఉంటే ఆగాలి. గోధుమరంగుకు తిరిగి, నొక్కితే మెత్తగా దిగిపోతుంటే కుళ్లినట్టే.

ఖర్చు పెట్టాలనుకుంటే గాలిలో తేమను కొలిచే బ్లూటూత్ హైగ్రోమీటర్ కొనండి. ఫెలనాప్సిస్‌కు 50 నుంచి 70 శాతం తేమ హాయిగా ఉంటుంది. అప్పటికప్పుడు కనిపించే అంకె కన్నా యాప్‌లోని గ్రాఫ్ ముఖ్యం. ఏసీ వేసిన వేళకు గీత ఒక్కసారిగా కిందికి జారుతోందంటే దొంగ దొరికినట్టే. ఇప్పుడు మొగ్గల మీదున్న మొక్కను అటూ ఇటూ తిప్పడం మంచిది కాదు కాబట్టి, ముందు ఏసీ గాలినే పక్కకు మళ్లించండి.

చవక హైగ్రోమీటర్లు తప్పు చూపించడం మామూలే. ఓ సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా తడిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే 5 కలుపుకోండి.

ఇంట్లో వాడే ఏ సెన్సరూ పట్టుకోలేనిది ఇథిలీన్ వాయువు. మాగుతున్న మామిడిపళ్లు, అరటిపళ్లు దీన్ని వదులుతాయి. దానికి మొగ్గలు రాలిపోతాయి, విచ్చుకున్న పూలు కూడా త్వరగా వాడిపోతాయి. పళ్ల బుట్ట అక్కడే ఉంటే వంటింట్లోకి మార్చేయండి.

ప్రశ్న: ఆర్కిడ్‌కు వెలుతురు చాలుతోందో లేదో ఫోన్‌తో తెలుసుకోవచ్చా?

జవాబు: తెలుసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఏదైనా లక్స్ మీటర్ (వెలుతురును కొలిచే) యాప్ వేసుకోండి. సెన్సర్ సాధారణంగా సెల్ఫీ కెమెరా దగ్గర ఉంటుంది. ఫోన్‌ను ఆకు ఎత్తులో, స్క్రీన్ కిటికీ వైపు ఉండేలా పట్టుకోండి. పగటిపూట 10,000 నుంచి 15,000 లక్స్ వస్తే చాలు. నేరుగా పడే ఎండ లక్ష దాకా వెళుతుంది, ఆకులు మాడిపోతాయి. టీవీ పక్కన కొన్ని వందలు మాత్రమే చూపిస్తే ఆ చోటు బాగోలేదన్నమాట. అప్పుడు మాత్రం పలచటి కర్టెన్ ఉన్న కిటికీ దగ్గరికి ఒకేసారి మార్చి, ఇక కదపకండి. ఐఫోన్‌లో యాప్‌లు కెమెరాతో లెక్కగడతాయి కాబట్టి ఆ అంకెను ఉజ్జాయింపుగానే తీసుకోండి.

ప్రశ్న: ఆర్కిడ్ కోసం గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్‌ను స్మార్ట్ ప్లగ్‌కు పెట్టాను. ప్లగ్ ఆన్ అవుతోంది, మెషిన్ మాత్రం ఆన్ కావడం లేదు.

జవాబు: మీది టచ్ బటన్ రకం అయి ఉంటుంది. చాలా మోడళ్లలో కరెంటు పోయి వచ్చాక మళ్లీ వేలితో నొక్కాల్సిందే. చేత్తో తిప్పే నాబ్ ఉన్నదైతే ప్లగ్ మాట వింటుంది. మెషిన్ నుంచి పొగలా వచ్చే తేమ నేరుగా పూల మీద పడనివ్వకండి. రేకుల మీద తడి నిలిస్తే మచ్చలొస్తాయి.