పవెల్ నుంచి టాహోకి పడవ: పైన ఆరినా తనిఖీలో ఎందుకు ఆపారంటే

బ్యాలస్ట్ ట్యాంకులో, అంటే పడవ ఒరగకుండా బరువు కోసం అడుగున నీళ్లు నింపే ట్యాంకులో, నీళ్లు మిగిలిపోయి ఉంటాయి. ఆర్వీ (ఇల్లులాంటి బండి) వెనక మెక్‌గ్రెగర్ 26 తెరచాప పడవ కట్టుకుని అమెరికాలోని లేక్ పవెల్ నుంచి లేక్ టాహోకి వచ్చామని, పడవంతా పొడిగా ఉన్నా దించనివ్వలేదని రాశారు కదా. తనిఖీవాళ్లు చూసేది పైభాగం ఒక్కటే కాదు. పవెల్‌లో క్వాగా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు పాతుకుపోయాయి, కొత్త సరస్సులో చేరితే హాని చేస్తాయి. వాటి పిల్లలు కంటికి కనపడవు, కాసిన్ని నీళ్లున్నా వెంట వచ్చేస్తాయి.

ఈసారి ఇలా చేయండి:

1. పడవను ర్యాంప్ మీదకు లాగగానే వెనకున్న ట్యాంకు వాల్వ్ తెరవండి.

2. ముందు పడక కింద ట్యాంకుకు గాలి బిరడా ఉంటుంది, అదీ తీయండి. చాలామంది మర్చిపోయేది ఇదే. లోపలికి గాలి పోకపోతే ధార కాసేపు కారి ఆగిపోతుంది, ఖాళీ అయిందనుకుంటాం. బిరడా తీయగానే మళ్లీ బుడబుడమంటూ ధార మొదలైతే సంగతి అర్థమైనట్టే.

3. ట్రైలర్ జాకీ తిప్పి పడవ ముందు భాగం ఎత్తండి. ఆఖరి నీళ్లు అప్పుడే దిగుతాయి.

4. పడవ వెనక బయట బిగించిన ఔట్‌బోర్డ్ మోటారును నిటారుగా దించి నీళ్లు కారనివ్వండి.

5. క్యాంప్‌సైట్‌లో వాల్వ్, బిరడా, హ్యాచ్‌లు తెరిచే ఉంచండి. లోపలంతా పూర్తిగా ఆరడానికి చాలా రోజులు పడుతుంది.

అన్నాళ్లు ఆగే వీల్లేకపోతే తనిఖీ కేంద్రంలో వేడినీళ్ల డీకంటామినేషన్ (మసెల్స్ చచ్చేలా కడగడం) అడగండి. ఆర్వీ గీజర్ నీళ్లతో మీరే కడిగితే లెక్కలోకి రాదు.