సూర్యుడి అలర్ట్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో ఏం పని?

ప్రశ్న: సౌర తుపానుల కబురు చెప్పే యాప్ ఒకటి వేసుకున్నాను. ‘రెడ్ అలర్ట్, కేపీ 5’ అని మాటిమాటికీ మోగుతోంది. నిన్న అప్‌డేట్ చేశాక కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ అనుమతులు అడుగుతోంది. తుపాను తగ్గేదాకా ఫోన్ ఆపేయాలా?

జవాబు: ఫోన్ ఆపక్కర్లేదు, యాప్ తీసేయండి. ‘ఈ రాత్రి ఫోన్ ఆపి దూరంగా పెట్టండి’ అనే ఫార్వర్డ్ మెసేజ్ తిరిగినప్పుడల్లా ఇదే ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది.

సౌర తుపాను భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపితే దాన్ని భూ అయస్కాంత తుపాను అంటారు. దాని దెబ్బ పొడవాటి తీగలకు తగులుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్‌లో గ్రిడ్ కూలి సుమారు 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో గడిపారు. అక్కడ వందల కిలోమీటర్ల కరెంటు లైన్లున్నాయి. అరచేతిలో పట్టే ఫోన్‌లో అంత తీగ ఎక్కడిది? జీపీఎస్ మాత్రం కాస్త తడబడొచ్చు. 2024 మేలో, 2003 తర్వాత మొదటిసారి జీ5 తుపాను (జీ1 నుంచి జీ5 దాకా ఉండే కొలమానంలో అన్నిటికంటే పెద్దది) వచ్చినప్పుడు అమెరికాలో జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు విత్తే పని ఆపుకున్నాయి. వాటికి సెంటీమీటర్ల లెక్క కావాలి, మనకు సందు మలుపు తెలిస్తే చాలు.

ఇక కేపీ అనేది భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కుదుపుకు లోనైందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె. కేపీ 5 అంటే జీ1, తుపానుల్లో అన్నిటికంటే చిన్నది. 11 ఏళ్ల సౌరచక్రంలో ఇలాంటి రోజులు దాదాపు 900 ఉంటాయని అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం లెక్క. దీనికే ఎరుపు వాడేసినవాళ్లు 9 వస్తే ఏ రంగు వేస్తారో!

నాకు అసలు టెన్షన్ ఆ అనుమతులతోనే. ఆ కేంద్రం సమాచారం లాగిన్ కూడా లేకుండా ఎవరికైనా ఉచితం. దాన్ని మీకు చూపించడానికి ఇంటర్నెట్, నోటిఫికేషన్ ఉంటే చాలు. ఎస్సెమ్మెస్ ఇస్తే ఓటీపీలు చదువుతుంది. యాక్సెసిబిలిటీ ఇస్తే తెర మీద ఉన్నది చదవడమే కాదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న యాప్ చేతులు మారి, అప్‌డేట్‌తో వేషం మార్చడం కొత్తేమీ కాదు. ఇప్పటికే ‘అలో’ నొక్కి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ ఆపండి, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద ప్రత్యేక అధికారాలున్న యాప్‌ల) జాబితాలో ఉంటే అక్కడా తొలగించండి, ఆ తర్వాతే అన్‌ఇన్‌స్టాల్. బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. చదవకుండా ‘అలో’ నొక్కేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా అంతే.

నిజాయితీగా నడిచే యాప్‌లూ నాకు కోపం తెప్పిస్తాయి. సూర్యుడి నుంచి ఎగిసిన ప్లాస్మా (విద్యుదావేశమున్న కణాల) మేఘం భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. దాని అయస్కాంత క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటేనే తుపాను ముదురుతుంది. ఆ దిశ ఏమిటో, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉపగ్రహాలను మేఘం తాకాక గానీ ఖాయంగా తెలియదు. అప్పటికి మనకు మిగిలేది 15 నిమిషాల నుంచి గంట. అందుకే అంచనా వేసేవాళ్లు అవకాశం ఎంతో శాతాల్లో చెబుతారు. యాప్ అవన్నీ చెరిపేసి ఒక్క అంకె చూపిస్తుంది. అది రేపటి అంచనానో, ఇప్పటి కొలతో రాయదు. అంచనాలు వచ్చేది యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక) సమయంలో, దాన్ని మీ గడియారానికి మార్చే ఓపిక కూడా లేదు. అరోరా (తుపాను వేళ ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) కోసం తెల్లవార్లూ మేలుకున్న ఒక పాఠకుడికి, అలర్ట్‌లో ఉన్న గంట సాయంత్రమే దాటిపోయిందని మర్నాడు తెలిసింది. అదే తెర మీద ప్రకటనకు మాత్రం సగం చోటు ఉంది.