పొలం తాకట్టు పెట్టి వీఎల్‌ఎస్‌ఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబు బీటెక్ ఈసీఈ మూడో ఏడు. సెలవులకు ఇంటికొచ్చినా రాత్రంతా కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఐసీల (చిప్పుల) బొమ్మలు గీస్తూ కూర్చుంటాడు. మా తోటికోడలి కొడుకు బెంగళూరులో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) కోర్సులో చేరాడు. పొలం తాకట్టు పెట్టి మావాణ్ణీ చేర్పించమంటారా? ఈ బొమ్మల పనికి ఉద్యోగం వస్తుందా?

జవాబు: అమ్మా, బరంపురం నుంచీ రాయగడ నుంచీ కూడా ఇదే అడుగుతుంటారు. ఒడిశాలో ఉండిపోయాం, హైదరాబాద్ పిల్లలకు తెలిసింది మా పిల్లలకు తెలియదేమోనన్న టెన్షన్. కీక్యాడ్ ఉచితం. ఐసీల డేటాషీట్లు, అంటే వాటి వివరాల పత్రాలు, కంపెనీలే నెట్‌లో పెడతాయి. పర్లాకిమిడిలో తెరిచినా బెంగళూరులో తెరిచినా అదే పేజీ.

మీవాడు గీసేవి ఉత్త బొమ్మలు కావు. 7805, ఎల్‌ఎమ్317 అని వోల్టేజ్‌ను నిలకడగా ఉంచే ఐసీలు (రెగ్యులేటర్లు) రెండున్నాయి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, రెండింటికీ మూడే కాళ్లు. 7805కు ఒకటో పిన్ ఇన్‌పుట్, మూడోది అవుట్‌పుట్. 317కు ఒకటోది అడ్జస్ట్, రెండోది అవుట్‌పుట్, మూడోది ఇన్‌పుట్. సింబల్‌లో, అంటే మీవాడు గీసే ఐసీ బొమ్మలో, ఈ నంబర్లు తారుమారైనా స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) చక్కగానే కనిపిస్తుంది. కీక్యాడ్‌లో తప్పులు వెతికే ఈఆర్‌సీ తనిఖీ కూడా పట్టుకోదు. అది పిన్ రకం చూస్తుందే గానీ, నంబరు డేటాషీట్‌తో కలిసిందో లేదో చూడదు. సర్క్యూట్ బోర్డు తయారై వచ్చాకే తప్పు బయటపడుతుంది. అందుకే డేటాషీట్‌ను ఓపిగ్గా చదివే పిల్లవాడికి విలువ.

అయితే సింబల్స్ ఒక్కటే ఉద్యోగం తేవు. రెడీమేడ్ లైబ్రరీలు బోలెడున్నాయి. ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద ఐసీ కాళ్లు కూర్చునే చోటు), లేఅవుట్ (బోర్డు మీద అన్నిటి అమరిక) కూడా చేసి, బోర్డు తెప్పించి, సోల్డర్ చేసి నడిపించాలి. ఎల్‌ఎమ్358 అనే ఐసీలో రెండు యాంప్లిఫయర్లుంటాయి. దాని సింబల్‌ను ఎన్ని ముక్కలు చేశావు, పవర్ పిన్లు 4, 8 ఎక్కడ పెట్టావు అని మీవాణ్ణి అడగండి. మీకు అర్థం కాకపోయినా, వాడు చెప్పే తీరులో పట్టు తెలిసిపోతుంది.

వీఎల్‌ఎస్‌ఐ మంచి రంగమే. నా అనుమానమంతా ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని బోర్డులు కట్టే కోర్సుల మీద. పరిశ్రమలో వాడే టూల్స్‌కు లైసెన్సులు చాలా ఖరీదు. ఏ టూల్ మీద, ఎన్ని గంటలు పిల్లల చేతికిస్తారో కాగితం మీద రాసిమ్మనండి. తటపటాయిస్తే డబ్బు కట్టకండి.

ఒక మాట కోపంగానే అంటున్నాను. మీ ఉత్తరంలో తోటికోడలి కొడుకు ఉన్నాడు, పొలం ఉంది, మీ అబ్బాయికి ఏది ఇష్టమో మాత్రం లేదు. అడిగారా అసలు? వాడు రాత్రులు మేలుకుని ఇష్టంగా చేస్తున్న పనిని మీరే చిన్నబుచ్చితే ఎలాగమ్మా?

చిప్ డిజైన్ మీద వాడికే మనసుంటే ఐకారస్ వెరిలాగ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, నెట్‌లో ఎన్‌పీటీఎల్‌ పాఠాలూ ఉన్నాయి. ఈ సెలవుల్లో వాటితో మొదలుపెట్టమనండి. నచ్చితే గేట్ రాయమనండి. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది.