తూటాకు మిగిలేది లెక్కేశారు, వడ్డీ మరిచారు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాకు 61, మా ఆవిడకు 57. ఆమెకు సుగర్ ఉంది. ఆరోగ్య పాలసీ లేదు, బ్యాంకులో 40,000 ఉంది. ఇంటి ఖర్చు నెలకు 38,000. బట్టల కొట్టు మీద 13,000 వస్తుంది, మిగతా 25,000 టెక్సస్‌లో ఉన్న మా అబ్బాయి పంపుతాడు. వాడికి గ్రీన్ కార్డు ఉంది, రైఫిల్ షూటింగ్ సరదా. తూటాలు సొంతంగా నింపుకుంటే ఖర్చు తగ్గుతుందని 1,400 డాలర్ల సామాను క్రెడిట్ కార్డు మీద కొంటాడట. అది తీరేదాకా ఐదు నెలలు డబ్బు పంపలేనని, బంగారం తాకట్టు పెట్టి సర్దుకోమని అంటున్నాడు. వాడి లెక్క, సామాను జాబితా దీంతో పంపుతున్నాను. పెట్టమంటారా?

జవాబు: వద్దండీ. ఈ పొరపాటు మీ ఇంట్లోనే కాదు, చాలా ఇళ్లలో జరుగుతోంది కాబట్టే మీ ఉత్తరం తీసుకున్నాను.

మీ అబ్బాయి లెక్కే చూద్దాం. 20 తూటాల పెట్టె 30 డాలర్లు, అంటే ఒక్కోటి డాలరున్నర. నింపుకుంటే 80 సెంట్లు, మిగిలేది 70 సెంట్లు. నెలకు 40 కాలుస్తాడు కాబట్టి నెలకు 28 డాలర్లు మిగులుతాయి. సామాను ఖరీదు రాబట్టడానికి 50 నెలలు పడుతుంది. ఆయన కార్డు వడ్డీ ఏడాదికి 24 శాతం. 1,400 మీద మొదటి నెల వడ్డీయే 28 డాలర్లు! దాని మీద మీ బంగారం వడ్డీ. ఒకే సామానుకు రెండు ఊళ్లలో రెండు వడ్డీలు కట్టడం ఏం పొదుపు?

పైగా ఆ ఐదు నెలల కోసం తెచ్చే 1,25,000 అప్పు ఎక్కణ్నుంచి తీరుస్తారు? ఆరో నెలలో డబ్బు మళ్లీ వచ్చినా అది ఇంటి ఖర్చుకే సరి. అసలూ వడ్డీ ఒకేసారి కట్టే బంగారం అప్పుకు గడువు 12 నెలలు దాటదు. ఆ తర్వాత తిరగరాయడం, అదీ కుదరకపోతే వేలం.

సరదా మానుకోమనడం లేదు. జాబితా తగ్గించుకోమనండి. అందులో .308 వించెస్టర్, .243 వించెస్టర్, 7 మి.మీ.-08 అనే మూడు సైజుల తూటాలకు మూడు డై సెట్లు (కాల్చిన గుల్లను మళ్లీ కొలతకు తెచ్చే అచ్చులు), మూడు షెల్ హోల్డర్లు (గుల్ల అడుగును పట్టి ఉంచేవి), మూడు రకాల కొత్త బ్రాస్ (ఖాళీ ఇత్తడి గుల్లలు) ఉన్నాయి. మూడో సైజు రైఫిలే ఆయన దగ్గర లేదు. ఈ మూడింటి గుల్ల అడుగు వెడల్పు ఒకటే, 0.473 అంగుళం. కాబట్టి షెల్ హోల్డర్ ఒక్కటి చాలు. డైలు మాత్రం అలా కలవవు. గుండు బిగించే మెడ కొలతలు వేరు కనుక దేని సెట్ దానికే. ముందు .308 సెట్ ఒక్కటి కొనమనండి. అదీ గుల్లను మొత్తంగా సరిచేసే ఫుల్ లెంగ్త్ డై ఉన్నది. మెడ మాత్రమే సరిచేసే డై తన రైఫిల్లో కాల్చిన బ్రాస్‌కే పనికొస్తుంది, షూటింగ్ రేంజ్‌లో ఏరుకొచ్చినదానికి కాదు. బ్రాస్ కొననే అక్కర్లేదు, ఇప్పటిదాకా కాల్చిన పెట్టెల ఖాళీ గుల్లలు దాచుకుంటే చాలు. అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనిపిస్తే ఆ గుల్ల పారేయాలి, అక్కడే తెగుతుంది.

.308 బ్రాస్ మెడ నొక్కి .243 చేసుకుంటాననడం పైకి చవగ్గా కనిపిస్తుంది. నొక్కినప్పుడు లోహం మెడ దగ్గర చేరి మందమవుతుంది. రైఫిల్లో తూటా కూర్చునే చాంబర్‌లో బిగుసుకుంటే గుండును వదలదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. మెడ చెక్కే పరికరం మళ్లీ కొనాలి. అడుగున ముద్ర ఇంకా .308 అనే ఉంటుంది, పెట్టెలు తారుమారైతే అదో ముప్పు. .243 ముద్ర ఉన్న బ్రాస్ కొనడమే నయం. మిలిటరీ 7.62 బ్రాస్ గోడ మందం, లోపల చోటు తక్కువ. అదే కొలతలో తుపాకి మందు పోస్తే ఒత్తిడి ఎక్కువవుతుంది. ప్రెస్ (గుల్లను డైలోకి నొక్కేది), కాలిపర్ (కొలిచేది), ట్రిమ్మర్ (గుల్ల పొడవు కత్తిరించేది) సాదావి సరిపోతాయి. మందు తూచే త్రాసు, కొలతల పుస్తకం (మాన్యువల్) దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. ఇదంతా నెలనెలా పక్కన పెట్టిన డబ్బుతో, కార్డు గీకకుండా.

ఇక అసలు సంగతి. మీ చేతిలో ఉన్నది నెల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. సుగర్ ఉన్న మనిషికి రాత్రివేళ గుండెనొప్పి వస్తే బరంపురమో విశాఖో పరుగెత్తాలి, ఆసుపత్రి ముందు డిపాజిట్ అడుగుతుంది. ఆ రోజుకు దాచుకోవాల్సింది ఆ బంగారం. ఆరు నెలల ఖర్చు 2,28,000 విడిగా ఉండాలి, ఇంకా 1,88,000 కావాలి. అబ్బాయి నెలకు 10,000 అదనంగా పంపితే 19 నెలల్లో పూర్తవుతుంది. పంపడం ఆపడం కాదు, పెంచడం గురించి మాట్లాడండి. సిప్, చీటీ సంగతి ఆ తర్వాత.

ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. ముందున్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి, ఆ మూడేళ్లు మొదలయ్యేది పాలసీ తీసుకున్న రోజు నుంచే. దరఖాస్తులో సుగర్ సంగతి దాచకండి, ఏజెంటు "రాయక్కర్లేదు" అన్నా సరే.