చిన్నీ, ఆ మూడు లీటర్ల సంచి ఇంట్లో పెట్టు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్, అంటే ఇరవై ఒక్క కిలోమీటర్లు, పరిగెత్తుతున్నావట. ఎంత పొంగిపోయానో! మన ఇంట్లో నా తర్వాత ఈ పిచ్చి పట్టింది నీకే. ఆ వెంటనే నువ్వు కొన్న సామాను చదివింది. వీపుకి తగిలించుకునే మూడు లీటర్ల నీళ్ల సంచి, నాలుగు బుల్లి సీసాల బెల్టు, పావుగంటకోసారి లైటు వెలిగి తాగమని గుర్తుచేసే సీసా. అది విన్నాక ఇక నిద్ర పట్టలేదు. తెల్లారి నాలుగింటికి లేచి ఇది రాస్తున్నాను. సగంలో వదిలెయ్యకుండా చదువు.

కొత్త బూట్లు పరుగు రోజున వెయ్యకు. ముందురోజు త్వరగా పడుకో. ఒరుసుకునే చోటల్లా వాజలైన్ రాసుకో. ఇవి నీకు ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది నీళ్ల గురించి.

నువ్వు చూడని మీ తాతయ్య వడదెబ్బకి పోయాడు. నాకప్పుడు పదకొండేళ్లు, మీ అమ్మకి ఆరు. మన ఊరు రెంటచింతల పక్కనే, అక్కడి మే నెల ఎండల సంగతి నీకు తెలిసిందే. బస్సు దిగి పొలాల గట్ల మీద నడిచి వస్తూ, ఊరి మొదట్లో చింతచెట్టు దాకా వచ్చి పడిపోయాడు. దగ్గర గుక్కెడు నీళ్లు లేవు. ఆ రోజు నుంచి అమ్మ మమ్మల్ని మరచెంబు లేకుండా గడప దాటనివ్వలేదు. బడికి వెళ్లినా, పక్కవీధి పెళ్లికి వెళ్లినా అదే. మూత తిప్పితే కిర్రుమనే ఇత్తడి చెంబు. "నీళ్లుంటే బతికేవాడు" అనేది ప్రతిసారీ. ఆ మాట నా ఎముకల్లోకి వెళ్లిపోయింది.

అందుకే నలభై ఆరేళ్లకి వైజాగ్ బీచ్ రోడ్డులో మొదటిసారి హాఫ్ పరిగెత్తినప్పుడు రెండు లీటర్ల సంచి కొనుక్కున్నాను. తెల్లవారుజామున కూడా అక్కడ గాలి తడిబట్టలా ఒంటికి అతుక్కుంటుంది. చెమట ఆరదు, కారిపోతుందంతే. అది చూసి నాకు భయం. దాహం వేసినా వెయ్యకపోయినా గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తూనే ఉన్నాను. దారిలో నీళ్ల స్టాలు కనిపించిన చోటల్లా రెండు కప్పులు తాగాను. పదో కిలోమీటరుకల్లా పొట్ట కుండలా అయింది, అడుగు వేస్తే లోపల నీళ్లు కదులుతున్నాయి. పదహారు దగ్గర తల బద్దలవుతోంది. కుడిచేతి ఉంగరం బిగుసుకుంది. తిప్పి చూస్తే తిరగలేదు, వేళ్లు అరటిపళ్లలా ఉబ్బాయి. నీళ్లు చాలకే ఇలా అవుతోందనుకుని, చిన్నీ, ఇంకా తాగాను.

మూడు గంటల పది నిమిషాలకి గీత దాటాను. వెంటనే వాంతి. ఎవరో పాపం మంచిమనసుతోనే ఇంకో సీసా తాగించారు. తర్వాత నాతో వచ్చిన స్నేహితురాలు చెప్పిందే తప్ప నాకు గుర్తు లేదు. మీ ఇల్లెక్కడ అంటే రెంటచింతల అన్నానట. నాన్న వచ్చాడా అని అడిగానట.

ఆస్పత్రిలో బరువు చూశారు. పొద్దున ఇంట్లో 61 కిలోలు, అక్కడ 62.5. మూడు గంటలు చెమటోడ్చి పరిగెత్తినదాన్ని కిలోన్నర పెరిగాను! రక్తంలో సోడియం 135 పైన ఉండాలి, నాకు 122. "నీళ్లు తక్కువై కాదమ్మా, ఎక్కువై" అన్నాడు డాక్టరు. పరుగులో ఉన్నప్పుడు ఒళ్లు నీటిని పట్టి ఉంచుకుంటుందట, మూత్రంగా త్వరగా పోనివ్వదట. పైనుంచి మనం పోస్తూనే ఉంటే రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు వాస్తుంది. ఉప్పు ఎక్కువున్న సెలైన్ కొంచెం కొంచెంగా ఎక్కించారు. ఉంగరం మాత్రం కోసి తియ్యాల్సొచ్చింది. మీ పెదనాన్న పెళ్లిలో తొడిగిన ఉంగరం అది.

తర్వాత తెలుసుకున్నాను, ఇది నా ఒక్కదాని తప్పు కాదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. ఎక్కువసేపు పరిగెత్తినవాళ్లలో, పరుగులో బరువు పెరిగినవాళ్లలో ఇది ఎక్కువ. మనలాంటి నెమ్మది వాళ్లకే ప్రమాదం తల్లీ, తాగడానికి మనకి బోలెడంత టైమ్ ఉంటుంది.

అందుకే ఆ లైటు సీసా మీద నాకంత కోపం. నీ దాహం సంగతి నీ గొంతుకి తెలుసు, సీసాకెలా తెలుస్తుంది? దాహం వేస్తే తాగు, తీరగానే ఆపు. అలాగని నా భయం నీకంటించుకుని నోరెండబెట్టుకోకు. మీ తాతయ్యని తీసుకెళ్లిన ఎండ కూడా నిజమే. కళ్లు తిరిగినా, ఎండలో ఒళ్లు జలదరించినా నడకలోకి దిగి డాక్టర్ల దగ్గరికి వెళ్లు. నొప్పుల మాత్ర మింగి మాత్రం పరుగు మొదలుపెట్టకు.

ఒక ఆదివారం ఇలా చెయ్యి. పరుగుకి ముందూ, గంట పరిగెత్తి చెమట తుడుచుకున్నాకా బరువు చూసుకో. 58 కిలోలు 57.3 అయ్యి, మధ్యలో 200 మిల్లీలీటర్లు తాగి ఉంటే, నీ చెమట గంటకి దాదాపు 900 మిల్లీలీటర్లు. అదంతా తిరిగి పొయ్యక్కర్లేదు, బరువు పెరగకుండా ఉంటే చాలు.

సంచి సంగతి. మూడు లీటర్లంటే మూడు కిలోలు. మూడు కిలోల బియ్యం వీపున కట్టుకుని ఫ్లైఓవర్లు ఎక్కుతావా? పరుగు రోజున దారి పొడవునా నీళ్లిస్తారు, చేతిలో పావు లీటరు మెత్తటి సీసా చాలు. తాగేకొద్దీ ముడుచుకుపోతుంది, లోపల కళపెళమనదు. కప్పు అందుకుంటే అంచు నొక్కి కొసలా చేసుకుని తాగు, ముక్కులోకి పోదు. కేబీఆర్ పార్కు చుట్టూ ప్రాక్టీసుకైతే నీళ్లు కొనుక్కోడానికి జేబులో యాభై రూపాయలుంచుకో. సంచి తిరిగిచ్చెయ్యి. తీసుకోనంటే సగమే నింపి, తలకిందులు చేసి గొట్టంలోంచి గాలి పీల్చేశాక వాడు. గొట్టం కడిగి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది.

ఓఆర్ఎస్ తాగితే పొడి ప్యాకెట్టే కొను, మొత్తం ఒకేసారి, ప్యాకెట్టు మీద రాసినన్ని నీళ్లలో కలుపు. పేరు మాత్రమే ఓఆర్ఎస్ అయిన తీపి డబ్బాల మీద మీ హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రత సంస్థ వాళ్లు ఆ పేరు వాడకూడదన్నారు.

పరుగు రోజుకి నేనూ వస్తున్నాను. గచ్చిబౌలి స్టేడియంలో గీత దగ్గరే నిలబడతాను. అమ్మ మరచెంబు నా దగ్గరే ఉంది, చింతపండుతో తోమి తెస్తాను. ఇత్తడిలో మజ్జిగ పొయ్యకూడదు కాబట్టి అది స్టీలు సీసాలో, ఉప్పేసి, అల్లం దంచి. రాగానే చెయ్యి నాకివ్వు, ముందు నీ వేళ్లు చూస్తాను.

మీ పెద్దమ్మ