సీసా తామరకు మసి ఎందుకు?

ప్రశ్న: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలతో తామరపువ్వు చేస్తున్నాను. రేకుల్ని కొవ్వొత్తి మీద వంచుతుంటే కొన్ని నల్లబడుతున్నాయి, కొన్ని తెల్లగా పెళుసుబారుతున్నాయి. రంగు కూడా పెచ్చులూడుతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: నలుపు కొవ్వొత్తి మసే. స్పిరిట్ దీపం వాడండి. రేకును మంటలో పెట్టకండి. మంట కొసకు రెండంగుళాల పైన రెండు మూడు సెకన్లు ఆడించి తీసేయండి. సీసాను ఊదేటప్పుడు ప్లాస్టిక్ సాగుతుంది కదా, వేడి తగలగానే మళ్లీ ముడుచుకుంటుంది. అంచు వంపు తిరిగేది అందుకే. సీసా నడుము భాగమే కత్తిరించండి. అడుగు, మెడ మందం, సరిగా వంగవు.

తెల్లబడటం వేరే జబ్బు. కూల్‌డ్రింక్ సీసాల ప్లాస్టిక్‌ను పెట్ (PET) అంటారు. ఎక్కువసేపు వేడి చేస్తే అది స్ఫటికంలా గట్టిపడి తెల్లబడుతుంది. ఆ రేకు ఇక బాగుపడదు, పక్కన పడేయండి.

రంగుకు ముందు 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, ఆరాక ప్లాస్టిక్ ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి వేసే తొలి పూత) పూయండి. ఆపైన యాక్రిలిక్ రంగు రెండు పల్చటి పూతలు. పువ్వు ఆరుబయట పెట్టేదైతే గ్లూగన్ జిగురును నమ్మకండి, మన ఎండకు మెత్తబడి జారుతుంది. కాల్చిన సూదితో చిల్లులు పెట్టి రాగితీగతో కుట్టండి.

సీసా మీద త్రికోణ గుర్తులో 3 అంకె ఉంటే అది పీవీసీ అనే వేరే ప్లాస్టిక్. దాన్ని మాత్రం వేడి చేయొద్దు, విషవాయువు వస్తుంది. మీకు కావలసింది 1 అంకె ఉన్నది, అదే పెట్.