లత కుక్కకు పేరుంది

చి. సౌజన్యకు,

నీ కథ రెండుసార్లు చదివాను. అట్లాంటాలో మీ పక్కింటి నల్లజాతి తల్లి గురించి రాయాలనిపించడం బాగుంది. కానీ కథలో ఆవిడ మొదటి పేజీ నుంచి చివరిదాకా ఏడుస్తూనే ఉంది. పిల్లాడి గురించి భయపడే తల్లికి ఏడ్చే తీరిక ఎక్కడిది?

ఆవిడ జాగ్రత్తలు చెబుతూ ఉంటుంది. పోలీసులు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు. జేబులో చెయ్యి పెట్టకు. షాపులో చాక్లెట్ కొన్నా బిల్లు తీసుకో. నల్లజాతి వాళ్ల ఇళ్లలో దీన్ని 'ది టాక్' అంటారు. 2014లో క్లీవ్‌లాండ్‌లో ఒక పార్కు దగ్గర బొమ్మ తుపాకీతో ఉన్న 12 ఏళ్ల నల్లజాతి పిల్లాడు టమీర్ రైస్‌ను, కారు వచ్చి ఆగిన రెండు సెకన్లలోనే పోలీసు కాల్చేశాడు. ఇప్పుడు మీ పక్కింటి పిల్లాడు బొమ్మ తుపాకీ కావాలని మారాం చేస్తే ఆవిడ ఏమంటుంది? కూర్చోబెట్టి చెబుతుందా, గదమాయించి నోరు మూయిస్తుందా? వాడు తల్లి గయ్యాళిదనుకుంటాడా? ఆ ఒక్క పేజీ రాయి.

జాగ్రత్తలు చెబితే చాలన్నట్టు మాత్రం రాయకు. మేమీ టిల్ అనే నల్లజాతి తల్లి కొడుక్కి చెప్పే పంపింది. 1955లో 14 ఏళ్ల ఎమ్మెట్ షికాగో నుంచి మిసిసిపీలో బంధువులింటికి బయల్దేరితే, అక్కడి తెల్లవాళ్ల ముందు ఎలా మసలాలో నేర్పింది. వాడి వేలికి నాన్న ఉంగరం ఉంది. అక్కడి తెల్లవాళ్లు వాణ్ని చంపి నదిలో పడేస్తే, బయటికి తీసిన శవాన్ని ఆ ఉంగరంతోనే గుర్తుపట్టారు. కొడుకుని ఏం చేశారో జనం చూడాలని ఆవిడ శవపేటిక మూత తెరిచే ఉంచింది. అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీకి, నిందితుల్ని వదిలేయడానికి గంట పైచిలుకు సరిపోయింది.

ఇక నీ తెలుగు పాత్ర లత. దేవతను చేసేశావు. 'ఆ ఏరియాలో నల్లోళ్లెక్కువ, ఇల్లు కొనకండి' అనే మాట మనవాళ్ల ఇళ్లలో నువ్వు విన్లేదూ? మా అమ్మాయి దగ్గరున్న ఆరు నెలల్లో నేను చాలాసార్లు విన్నాను. ఒకసారి తలూపాను కూడా. లత చేత ఆ మాట అనిపించు. తర్వాత ఆ పక్కింటి తల్లి ఎదురుపడితే లత ఏం చేస్తుందో నాకు చదవాలనుంది.

పిల్లాడి చేత కాస్త అల్లరి చేయించు. హోంవర్క్ ఎగ్గొట్టనీ, సైకిల్ మీంచి పడనీ. వాణ్ని ఆపదలో పడెయ్యడానికే పుట్టించినట్టున్నావు. లతకు పేరుంది, లత కుక్కకు కూడా పేరుంది. వాడు మాత్రం ఆఖరిదాకా 'నల్ల కుర్రాడే'.

మళ్లీ పంపేటప్పుడు అక్షరాలు కాస్త పెద్దవి పెట్టమ్మా, కళ్లు ఆనడం లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు